పదహారు సీసం గుండ్లు

సర్క్యూట్ హౌస్ మేడమీద
రాత్రి పదిన్నరకి నాకొక గౌను చూపించారు.
మనిషి లేని గౌను, హ్యాంగరుకి వేలాడుతోంది.
మనిషి కింది అంతస్తులో భోంచేస్తోంది,
చేపముల్లు ఎలా తీయాలో
కలెక్టరుగారి భార్య నేర్పుతోందట.

పొందూరు నూలు.
వాలుగ చేప దవడతో ఏకిన పత్తి,
గోటి మీద పెట్టినా బరువు తెలియని దారం.
ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసరు కాగితం చదివాడు:
తెలుపు వద్దు, ఇక్కడ దానికి వేరే అర్థం ఉంది.
కాషాయం వద్దు, ఆకుపచ్చ వద్దు,
పసుపు అసలే వద్దు, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి.
చివరికి మిగిలింది కనకాంబరం రంగు.
కనకాంబరాలకి పార్టీ లేదు.

ఈ నూలు ఒకప్పుడు
సీమబట్టలు తగలబడుతుంటే
ఆ మంట వెలుగులో వడికిన నూలు.
ఆ సంగతి కాగితంలో లేదు. నేనూ అనలేదు.
నా పని అంచు వరకే.

మెడలో టేపు వేసుకున్న వాళ్ళ దేశపు ముసలావిడ
కిటికీలోంచి సముద్రాన్ని చూపించి
రెండు చేతులూ పైకి ఎగరేసింది.
రేపు ఓడ మీద గాలి!
ఇద్దరం నవ్వుకున్నాం, భాష అక్కర్లేకపోయింది.
అంచుకి కుట్టే బరువులు వాళ్ళకీ ఉన్నాయి,
ఆ పెట్టె దుబాయ్‌లో ఉండిపోయింది.
వచ్చిన పెట్టెలో నల్లగౌను ఒకటే,
మడత విప్పకుండా, ఎవరూ తాకకుండా.
ఇదెందుకని సైగ చేశాను.
తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి,
రాకుమారి తండ్రి గురించి ఏదో అంది.

స్కూటరు తీశాను.
పూర్ణా మార్కెట్ మూసేశారు,
కురుపాం మార్కెట్‌లో కుక్కలున్నాయి.
ఈ ఊళ్ళో అర్ధరాత్రి బరువు దొరికేది
ఫిషింగ్ హార్బర్‌లోనే.
లైటు స్తంభం కింద, వల ఒళ్ళో వేసుకుని
పిక్కి దానమ్మ.
సంగతి చెప్పాను.
"ఏటి బాబూ, రానీగోరు ఎగిరిపోతారేటి?"
"బట్ట ఎగురుతుంది, గాలికి."
"మరి నాకెప్పుడూ ఎగర్నేదే!"
అని బిగించిన చీర మీద అరచేత్తో చరిచింది.
నవ్వుతూనే వల అంచు నుంచి
పదహారు గుండ్లు పంటితో కొరికి తీసింది.
డబ్బు ముట్టుకోలేదు.
"మల్లీ తెచ్చీయి. ఎల్లుండి ఏటకెల్లాల."

తెల్లారేదాకా కుట్టాను.
ఒక్కో గుండుకీ ఒక్కో గుడ్డసంచి,
నడిస్తే చప్పుడు కాకుండా, కూర్చుంటే గుచ్చుకోకుండా.
యుద్ధనౌక మీదికి గుండ్లు పట్టుకెళ్తున్న రాకుమారిని
ఏ సెంట్రీ ఆపుతాడు? సెల్యూట్ కొట్టాడు.
డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి గాలి లేచింది.
ఉపన్యాసం కాగితాలు ఎగిరాయి,
ఒక కమాండరు టోపీ ఎగిరింది,
కలెక్టరుగారి భార్య కొంగు జెండాకర్రకి చుట్టుకుంది.
గౌను మాత్రం
వరిమడిలా అలలు పోయింది, అంతే.

మర్నాడు పేపర్లో రాశారు,
అది బంగాళాఖాతంలో సూర్యాస్తమయం రంగట.
రెండు దేశాల స్నేహానికి గుర్తట.
మా సముద్రంలో సూర్యుడు పుడతాడయ్యా,
అస్తమించడు.
టీకొట్టు దగ్గర అందరం అదే అనుకున్నాం.

ఆ మధ్యాహ్నమే ఫోను వచ్చిందట వాళ్ళకి.
టీవీలో చూశాను:
విమానం మెట్ల మీద నల్లగౌను
గాలికి మోకాళ్ళ దాకా లేస్తోంది,
రెండు చేతుల్తో అదిమి పట్టుకుని ఎక్కుతోంది.
టాటా చెప్పడానికి చెయ్యి మిగల్లేదు.
కనకాంబరం గౌను పెట్టెలో పోయింది,
అంచులో పదహారూ ఉండగానే.

కొత్త గుండ్లు కొని హార్బర్‌కి వెళ్ళాను.
దానమ్మ చేతిలో వేసుకుని తూచింది,
ఏమీ అనకుండా పక్కన పెట్టింది.
"నల్లదానికి కుట్నేదేటి బాబూ?"
"నాకు చెప్పలేదు."
వల అంచు తిరగేసి
ఖాళీ ముడులు ఒక్కొక్కటీ వేలితో తడిమింది.
"సెప్తారేటి," అంది.