ఖాళీ సీసా

ప్రకటన కావలి కాలేజీ నోటీసు బోర్డు మీద
హాల్ టికెట్ల జాబితా కింద సగం దాక్కుని ఉంది.
జువాలజీ డిగ్రీ. ఆరు నెలలు. నెలకి పద్దెనిమిది వేలు.
అడుగున చిన్న అక్షరాల్లో:
పడవ మీద తిరగడం వచ్చినవాళ్ళయితే మేలు.
నవ్వొచ్చింది.
మా ఇసకపల్లిలో అది వచ్చని ఎవరూ కాగితం మీద రాయరు,
నడక వచ్చని రాయనట్టే.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు ప్రశ్నలకి నాలుక ఎండిపోయింది.
ఆఖర్న సుచరిత మేడమ్ తెలుగులో అడిగింది,
ఉప్పుటేట్లోకి పోటు ఎప్పుడెక్కుతుందని.
తిథి చెప్పండి, గంట చెబుతానన్నాను.

పని ఇది:
పోటుకొకటి, పాటుకొకటి, లీటరు నీళ్ళు.
చేతిపంపుతో వడగడితే
రూపాయి బిళ్ళంత తెల్లకాగితం మీద బురద మరక.
నిన్న ఇటు ఈదిపోయిన ప్రతిదీ
అందులో జాడ వదిలే ఉంటుందట,
రాలిన పొలుసో, జారిన జిగురో.
ఒక్క చేపనీ పట్టకుండా చేపల లెక్క.
నాయన కామాక్షయ్య వల కుట్టడం ఆపి
"పట్టకుండానా?" అన్నాడు.
మూడు రోజులు అదే మాట అంటానే ఉన్నాడు.

వరసలో చివరి సీసా వేరు.
అందులో ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్ళు.
దాన్ని ఏట్లో ముంచం.
పడవలో తిప్పి, మూత తీసి, మూత పెట్టి, వడగడతాం.
అందులో ఏదన్నా తేలితే
అది ఏటిది కాదు, మనది.

మొదటి విడత, ఖాళీ సీసాలో వంజరం తేలింది.
మేడమ్ ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.
ఆ పొద్దున అవ్వ కట్టిచ్చిన క్యారేజీ,
మామిడికాయ వేసిన పులుసు,
రెండుసార్లు సబ్బుతో కడుక్కున్న చెయ్యి.
ఆనాటి పన్నెండు సీసాలూ కొట్టేశారు.
"మళ్ళీ తీద్దాం" అంది మేడమ్.
తిట్టుంటే బాగుండేది.

అప్పట్నుంచి ఏట్లోకెళ్ళే రోజు పెరుగన్నం, ఊరగాయ.
సదువు ముదిరి మా పిల్ల చేపలు మానేసిందని
అవ్వ ఏకాంబరమ్మ ఊరంతా చెప్పింది.

కార్తీక అమావాస్య దాటినాక రెండో జాబితా.
కొయ్యింగ, పండుగప్ప, జెల్ల, మట్టగిడస,
లాటిన్ పేర్ల పక్కన పెన్సిలుతో అవ్వ పేర్లు రాసుకుంటా పోయాను.
పందొమ్మిదో వరస దగ్గర చెయ్యాగింది.
రంపపు సొర.
ఏటి మొగలో, ఒకే ఒక్క సీసాలో, సన్నగా.

నాయన పుట్టినాక ఈ ఒడ్డున దాన్ని చూసినోళ్ళు లేరు.
ఖాళీ సీసాలో ఈసారి ఏమీ లేదు.
సంతోషాన్ని అదిమిపెట్టిన గొంతుతో మేడమ్
నా పేరు కూడా వేస్తానంది,
పామంజి కావేరి, ఇంగ్లీషులో ఎట్లా రాస్తావని అడిగింది.

ఊరుకుంటే సరిపోయేది.

మా వాకిలి పైన మేకుకి ఒక రంపం ఉంది మేడమ్,
ముత్తాత వలలో పడ్డదాన్ది. దిష్టికి కట్టారు.
గడప దాటేటప్పుడల్లా నా తలకి తగులుద్ది.

మళ్ళీ అదే నిశ్శబ్దం. తర్వాత పెన్ను నొక్కిన చప్పుడు.
"పంటి దగ్గర కొంచెం పొడి గీకి పంపు, పోల్చి చూద్దాం.
ఈసారి గూడూరు నుంచి ఫయాజ్ వస్తాడు,
నీళ్ళు తను ముంచుతాడు. నువ్వు ఒడ్డునే ఉండు."

అవ్వ మాత్రం నవ్వింది.
"యాడికి పోద్ది మే అది? సముద్రం ఉండాదిగా."
అవ్వ మాటని ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

ఒడ్డున ఇసకలో కూర్చున్నా.
ఒళ్ళో ఎమ్మెస్సీ దరఖాస్తు,
అనుభవం అన్నచోట రాశాను:
నీటి నమూనాలు నూట నాలుగు.
కొట్టేసినవి పన్నెండు.
రెండోది తీసేద్దామని రబ్బరెత్తి, దించేశాను.

పడవలోంచి ఫయాజ్ అరుస్తున్నాడు, ఇంకెంతసేపని.
అష్టమి పోటు, మెల్లగా ఎక్కుద్ది,
ముప్పావు గంట ఆగమన్నాను.

అతను ముందుగా ఖాళీ సీసా మూత తీస్తున్నాడు.