చెప్పకపోతే లేనట్టు

తార్తూలో ఫిబ్రవరి.
ఎమయొగి నది మీద మంచు
మనిషి బరువు మోసేంత గట్టిపడింది.
వంటింటి బల్ల మీద లాప్‌టాప్, నోటుపుస్తకం,
సగం తిన్న నల్లరొట్టె.
ఐలి ఒక దీవిని మాటల్లోకి దించుతోంది.

ఆ దీవి ఆమెది కాదు.
పదకొండేళ్ళప్పుడు వొరు బడిలో
బూడిదరంగు కంప్యూటర్లో చూసింది.
మనుషుల్లేని దీవి. నీటిచక్రం, పంపుల గది, ఐదు మీటలు.
ఒక్క మాట ఉండేది కాదు ఆ ఆటలో.
బొమ్మ మీద బాణం పెట్టి నొక్కుతూ పోవడమే.
నొక్కితే తలుపు, నొక్కితే మెట్లు,
నొక్కగా నొక్కగా ఒకరోజు
మడుగు నీళ్ళలో రంగుదీపాల నీడలు
తలకిందులుగా కనబడ్డాయి.
మీటల వరస అదే.
ఎవరూ చెప్పలేదు. కన్నే దొంగిలించింది.

ఇప్పుడు కన్ను లేదు, వాక్యం ఉంది.
"మడుగులో దీపాల నీడలు కదులుతున్నాయి" అని రాసింది.
కొట్టేసింది.
అది వర్ణన కాదు, వేలుపెట్టి చూపించడం.
"గదిలో ఒక మడుగు ఉంది" అని రాసింది.
ఇప్పుడు నీడలే లేవు.
చెబితే గుట్టు రట్టు,
చెప్పకపోతే లేనట్టు.
బొమ్మకి ఊరుకోవడం వచ్చు.
మాటకి రాదు.

పైగా ఆ భాషకి పద్నాలుగు విభక్తులు.
డు ము వు లు దగ్గరే బెత్తం దెబ్బలు తిన్న మనకి
నవ్వొస్తుంది గానీ,
తాళంచెవి అన్న ఒక్క మాటకి
యంత్రం పద్నాలుగు ముఖాలు గుర్తుపట్టాలి:
తాళంచెవిలోకి, తాళంచెవిలోంచి,
తాళంచెవి దాకా, తాళంచెవిగా మారి,
తాళంచెవి లేకుండా.
లేకుండా అనడానికీ ఒక విభక్తి ఉంది వాళ్ళకి.
దాన్ని పట్టికలోకి ఎక్కించిన రాత్రి
ఐలి తక్కిన పని ముట్టుకోలేదు.

పరీక్షకి పై అంతస్తు హెల్దూర్‌ని పిలిచింది.
నలభై ఏళ్ళు నదిలో పూడిక తీసే పడవకి మెకానిక్కు.
ఆటంటే పేకాట ఒక్కటే తెలుసు.
కోడి గింజలు ఏరినట్టు
చూపుడువేలితో కొట్టాడు.

> మీట పట్టుకో
జిడ్డుగా ఉంది.
> చేతులు తుడుచుకో
ఆ క్రియ నాకు తెలియదు.
> విను
ఆ క్రియ నాకు తెలియదు.

"పంపుల గదిలో చెవుల్లేకుండా ఎలా బతుకుతాడమ్మా మీవాడు?
కారని పంపుని నేను పుట్టి చూళ్ళేదు."

ఐలికి కోపమొచ్చింది. టీ పెట్టింది. టీ మరిగి మరిగి ఇగిరిపోయింది.
తర్వాత మడుగు కొట్టేసింది, దీపాలు కొట్టేసింది,
ఇరవై ఆరేళ్ళుగా కంట్లో దాచుకున్న
ఆ తలకిందుల వెలుగు మొత్తం.

విను అంటే ఇక ఇదీ:
"ఎక్కడో నీటిచుక్క. మళ్ళీ.
కాసేపు ఏమీ లేదు.
రెండు, వెంటవెంటనే."

ఐదు పైపులు, ఐదు తీర్ల ఎడం.
మీటల వరస ఆ ఎడాల్లో ఉంది.
మూసినా చప్పుడు కాని తలుపులేవిరా అని
పొడుపుకథ విసిరి, విస్తరాకు కుట్టుకుంటూ
మన మొహాలకేసి చూడకుండా కూచునే ముసలమ్మకి
ఈ విద్య ఎప్పుడో తెలుసు.

గురువారం హెల్దూర్ మళ్ళీ వచ్చాడు. బూట్లు విప్పాడు.
విను. విను. విను. పదకొండుసార్లు.
పేపరు అంచున పెన్సిలు గీతలు.
నాలుగో మీట దగ్గర తప్పాడు, బూతు టైపు చేశాడు
(అది యంత్రానికి తెలుసు. మొదటివారమే నేర్పింది),
మళ్ళీ మొదలుపెట్టాడు.
ఐదు కాకముందే కిటికీ నల్లబడింది.

కాసేపటికి వేలు గాల్లో ఆగింది.
ఆలోచించి, ఒక్కో అక్షరమే కొట్టాడు:

> పొయ్యిలో కట్టె వెయ్యి
ఇక్కడ పొయ్యి లేదు.

ఐలి తెర వైపు చూసింది.
బల్ల కింద ఒకదాన్నొకటి రుద్దుకుంటున్న
అతని మేజోళ్ళ పాదాల వైపు చూసింది.
లేచి, భూర్జ కట్టె ఒకటి తీసుకుని
పొయ్యి తలుపు తెరిచింది.