గొడ్డలి లోతు

ఎనిమిదో తారీఖు పొద్దున, తలుపులు తీయకముందే
నా కిటికీ ముందు ఊరి ముసలితనమంతా వరుస కట్టేది.
నేను నోట్లు లెక్కపెట్టేదాన్ని,
వాళ్లు నా వేళ్లను లెక్కపెట్టేవాళ్లు.

పొదుపు సంవత్సరాల్లో
ఒక్కో కవరు ఎంత పలచబడిందో నా బొటనవేలికి తెలుసు.
లిస్బన్‌లో ఎవరో ఒక గీత గీస్తే
ఇక్కడ జుల్మీరా చేపల దుకాణం దాటేటప్పుడు
నడక కాస్త వేగం పెంచేది.

ఫిర్మీను కవరు విప్పేవాడు కాదు.
అరచేతిలో పెట్టి తూచేవాడు.
నలభై ఏళ్లు కార్కు చెట్ల బెరడు ఒలిచిన చెయ్యి అది.
"ఒలవడం తప్పు కాదు లిజెత్,
తొమ్మిదేళ్లు ఓపిక పడితే చెట్టు మళ్లీ కప్పుకుంటుంది.
అందుకే కదా, ఒలిచిన ఏడాది అంకెను
మొద్దు మీద తెల్ల రంగుతో రాస్తాం.
గొడ్డలి వెంట్రుకవాసి లోపలికి దిగిందా, ఇక అంతే.
ఈ కోత కోసినవాడు
ఎన్నడూ చెట్టెక్కి ఉండడు."

తర్వాత రోజులు మారాయన్నారు.
దేశం కోలుకుంటోందని రేడియో
జ్వరం దిగిన పిల్లాడి గురించి చెప్పినట్టు చెప్పింది.
కవరులోకి పదకొండు యూరోలు అదనంగా వచ్చాయి.
పదకొండు!
నాకు నవ్వొచ్చింది. జుల్మీరాకు రాలేదు.
ఆ సాయంత్రం ఆమె వంటింట్లోంచి
కాలుతున్న సార్డీన్ల వాసన వీధి చివరిదాకా నడిచింది.
పక్కింటి పిల్లి సాక్షి.

ఆపైన వంతెన.
వరదకు కూలి ఏడేళ్లు,
ఏటి మధ్య రెండు కాళ్లే మిగిలిన వంతెన.
ముందుగా గట్టు మీద ఒక బోర్డు లేచింది:
రెండు జెండాలు,
ఊళ్లో ఎవరి నోరూ తిరగనంత పెద్ద అంకె.
బోర్డు వెలిసిపోవడం మొదలయ్యాక సిమెంటు వచ్చింది.

ఫిర్మీను మనవరాలు ఇదలీనాకు పని దొరికింది,
క్రేను కింద నిలబడి చేతులతో సైగలు చేసే పని.
మొదటి జీతం నాడు పచ్చ జాకెట్టుతోనే వచ్చి
తాత పేర మనియార్డరు కట్టమంది.
"ఒకే ఇంట్లో ఉంటారు, రుసుము దండగ కదే!" అన్నాను.
"కానీ దండగ. ఇన్నాళ్లూ ఆయన కవరులోంచి తిన్నాను,
నాదీ కవరులోనే రావాలి."

ఆ కవరును ఫిర్మీను
రెండు చేతుల్లోనూ మార్చి మార్చి తూచాడు.
తూకం చెప్పలేదు.

మంత్రి వచ్చాడు. కత్తెర మరిచారు.
చేపల దుకాణం కత్తెర అరువు తెచ్చి రిబ్బను కోశారు,
దాంతోపాటే ఇదలీనా కాంట్రాక్టూ తెగింది.
బస్సు ఇప్పుడు అవతలి పట్నానికి
పన్నెండు నిమిషాల్లో పోతుంది.
పట్నంలో పెద్ద పోస్టాఫీసుంది, ఏసీ ఉంది,
టోకెన్లిచ్చే యంత్రం ఉంది.
కనుక వంతెన ఇవతల
నా కిటికీ అక్కర్లేదని ఉత్తరం వచ్చింది.
అలవాటు కొద్దీ
దాని మీద తేదీ ముద్ర నేనే గుద్దాను.

వంతెనను తిడదామంటే నోరు రాదు.
మొన్న అర్ధరాత్రి జుల్మీరా గుండె పట్టుకుంటే
అంబులెన్సు దాని మీదుగానే వచ్చింది,
దాని మీదుగానే పోయింది.
ఇప్పుడు ఆసుపత్రిలో కూర్చుని
సూపులో ఉప్పు లేదని నర్సులతో తగువాడుతోందట.

చివరి ఎనిమిదో తారీఖున
వరుసలో ఆఖరివాడు ఫిర్మీను.
"నీ పింఛనుకు ఇంకెన్నేళ్లు?"
"తొమ్మిది."
తల పంకించాడు, కవరు జేబులో పెట్టుకుని పోయాడు.

సాయంత్రం షట్టరు దించి తాళం వేసి వెనక్కి తిరిగితే
చిన్న రంగు డబ్బాతో, పాత కుంచెతో నిలబడి ఉన్నాడు.
నన్ను పక్కకు జరగమన్నాడు.
షట్టరు మీద, నడుమెత్తులో,
చెట్టు మొద్దు మీద రాసినట్టే
ఈ ఏడాది చివరి అంకె
తెల్లగా రాశాడు.

రంగు ఆరేదాకా
ఇద్దరం అక్కడే నిలబడ్డాం.