రెండు సున్నల బోర్డు

దేవరకొండ రోడ్డుల రేకుల షెడ్డు.
రాత్రి పోసిన నీలం ఎపాక్సీ
అక్షరాల గుంతలు నిండి, గడ్డకట్టి
పలక మీదికి పొర్లి ఉన్నది.
జంగమ్మ కిరాణం.
రెండు సున్నల బోర్డు.

ఆ ఉబ్బు మీదనే బిట్టు ఆనించి
జీరో కొట్టిన.
మిషనుకేం తెలుసు,
పొద్దుగూకేదాక గాలినే చిత్రిక పట్టింది.

సోమాచారి తిట్టలే.
"పలకనడుగకు.
వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకుంటది.
కిందున్న బల్లనడుగు."
జేబులకెళ్లి చండూరు బస్సు టికెట్టు తీసి
బిట్టు కింద దూర్చిండు.
దించు. ఇంకింత. వెంట్రుకంత.
టికెట్టు జరిగింది, జరిగింది,
పట్టుకున్నది.
"గిదే సున్న.
టికెట్టు మందం తీసేసుడు మర్వకు."

అక్కడికెళ్లి పద్దెనిమిది మిల్లీమీటర్లు మీదికి లెక్కగట్టి
ఒక్క వాటు.
నీలం పొట్టు చెప్పుల నిండ.
తడిమి చూసిన:
చెక్క ఏడ ఆగిందో, రంగు ఏడ మొదలైందో
వేలు చెప్పలే.

సాయంత్రం జంగమ్మ వచ్చింది.
చదువు రాదు, లెక్కలు గట్టిగ వచ్చు.
"గీ గుండ్రటియి ఏందిరా?"
సున్నలమ్మా, అన్న.
"నా దుకానం మీద సున్నలా!"
కొంచెంసేపు బోర్డునే చూసింది.
"మొదట్లున్నది దండుగగని
కడకున్నది మంచిదే.
దాని ముంగట అంకె
నేను పెట్టుకుంట."