కాగితం వదిలే చోటు

నరసన్నపేట దాటి జలుమూరు రోడ్డెక్కితే
ఇటుకబట్టీకి ఎదురుగా ఓ రేకుల పాక.
బోర్డు లేదు. గుంజకి వేలాడే అరిగిన టైరే బోర్డు.
లోపల అసిరయ్య, ఆరిపోయిన బీడీ నోట్లో అలాగే.

"ఏటి బాబూ, మళ్ళీ సచ్చిందేటి?"

సచ్చింది.
గాలికుంటు టీకాల డబ్బాలో ఐసు వెనకాల కరిగిపోతుంటే
మూడు మైళ్ళు తోసుకొచ్చాను బుల్లెట్టుని.
ఎనభై మూడు మోడల్. నాకంటే రెండేళ్ళు చిన్నది.
కిక్కు కొడితే తిరిగి నన్నే తంతుంది
మొదటిసారి సూది చూసిన కోడెలా.

రెండు స్క్రూలు విప్పి మూత తీశాడు.
లోపల రెండు లోహపు చుక్కలు, మెంతిగింజంతవి.
తాకడం, విడిపోవడం, తాకడం, అదే వాటి బతుకు.
తాకినప్పుడు కాదట నిప్పు,
విడిపోయినప్పుడట.
అది తెలిసిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు,
ఎందుకో.

ఒక చుక్క మీద గుంట, ఎదుటి దాని మీద గుట్ట.
"కండెన్సరు తినేసింది" అన్నాడు
మిల్లులో కాటావాణ్ణి తిట్టినట్టు.
ఎమరీ కాగితం మడిచి గీశాడు,
పెట్రోలు గుడ్డతో తుడిచాడు,
ప్లగ్గు బెజ్జంలోకి సైకిలు స్పోకు దించి
పిస్టను పైకొచ్చే జాడ వేలికొసతో పట్టాడు.

ఫీలరు గేజీ ఉంది అతని దగ్గర.
పద్నాలుగు థౌ రేకు ఇంకా కొత్తదానిలాగే ఉంది.
దాని మీది అంకె కనబడక నాలుగేళ్ళు.
శుక్లాలు. ఆపరేషనంటే "సూద్దాం" అంటాడు,
అన్నాక ఆ మాటకి తనే నవ్వుతాడు.

అందుకే బీడీ కట్ట మీది పల్చటి కాగితం.
చుక్కల మధ్య ఇరికించి మెల్లగా లాగుతూ
ఇంజన్ని వెంట్రుకవాసి తిప్పుతాడు.
పట్టు.
పట్టు.
ఇంకా పట్టే.
"ఇక్కడ."

ఆ మాట నాకు తెలుసు.
అర్ధరాత్రి ఎవరి శాలలోనో, ఆవు కడుపులో భుజందాకా చెయ్యి,
అడ్డం తిరిగిన దూడ గిట్ట దొరికినప్పుడు
నేనూ అలాగే అంటాను, గోడకేసి చూస్తూ.

తుపాను పోయిన వారం విశాఖ నుంచి తెప్పించాను
ఎలక్ట్రానిక్ కిట్టు. నల్ల డబ్బా, మూడు తీగలు.
తాకేది లేదు, అరిగేది లేదు, గుంటా లేదు గుట్టా లేదు.
అసిరయ్యకి ఆ సంగతి చెప్పడానికి రెండు టీలు పట్టాయి.
ఏమీ అనలేదు. తనే బిగించాడు.
పాత పాయింట్లు అదే బీడీ కాగితంలో చుట్టి
పక్క డబ్బాలో పడేశాడు.
"ఆ డబ్బా సచ్చిపోతే దార్లో ఎవుడూ బతికించనేడు.
ఇవయితే గీసుకోని ఇంటికాడికి ఎలిపోవచ్చు."

ఒక్క కిక్కు.
ఆరు నెలలుగా ఒక్క కిక్కే.
ఇటుకబట్టీ ముందు నుంచి ఆగకుండా పోతూ
హారను కొట్టాలా మానాలా అని ప్రతిసారీ ఓ తడబాటు.

నిన్న ఆగాను.
బండికేమీ కాలేదని చప్పుడులోనే తెలిసిపోయింది అతనికి.
అడగలేదు.
ముందు ఎవరిదో రాజ్‌దూత్, మూత తీసి ఉంది.
"ఓపాలి ఇటు రా. ఈ రేకు మీద ఏటుందో సదువు."
"పదహారు."
"దాని పక్కది."

తర్వాత కాగితం నా చేతికిచ్చాడు.
చక్రం తను తిప్పుతున్నాడు.
పట్టుంది.
ఉంది.
రోడ్డు మీద ఇటుకల ట్రాక్టరు పోయింది, నేల అదిరింది,
అయినా ఉంది.
అతను నా చేతికేసి చూడటం లేదు, మొహంకేసీ కాదు,
ఎటో చూస్తున్నాడు,
నేను అనబోయే ఒక్క మాట కోసం.