వేడి ఎటు పోతది

దేవరకొండలో, మా మేడమీది గదిలో
నేనొక గ్రహాన్ని చేస్తున్నాను.
రెండు చందమామలు, ఎర్రమట్టి, ఆరు వందల గడులు.
ఆడేవాళ్ళు గడికొక ఊరు నిలబెట్టాలి,
ఓడలు కట్టాలి,
పక్క గ్రహం మీదికి దండెత్తాలి.

కింద అద్దెకుండే లింగస్వామి బోరు లారీ మీద పనిచేస్తాడు.
పనిలేని రాత్రుల్లో
కనుబొమల మీద రాతిదుమ్ము అట్లాగే ఉండగా
పైకొచ్చి ఆడిపెడతాడు.
జీతం ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు.

మొదటిరోజే అడిగాడు:
"అక్కా, ఈ ఓడల ఇంజను ఇంత మంట మీదుంటది గదా,
బయట గాలే లేదంటివి.
మరి వేడి ఎటు పోతది?
మా కంప్రెసర్‌కు ఇంత పెద్ద ఫ్యాను,
అయినా ఏప్రిల్ల పొగలు కక్కి ఆగిపోతది."

మూడు రాత్రులు పుస్తకాలు తిరగేశాను.
నిజమే. గాలిలేని చోట వేడికి
మెల్లగా వెలుగై కారిపోవడం తప్ప దారి లేదు.
ప్రతి యుద్ధనౌకకీ రెక్కలంత పలకలు కావాలి,
అవి కొలిమిలో నాగటికర్రులా కాగుతుండాలి,
ఒక్క పలక విరిగినా ఓడ లోపలే ఉడికిపోవాలి.
గీశాను.
ఓడలు తడిసి రెక్కలారబెట్టుకునే కొంగల్లా తయారయ్యాయి.
యుద్ధమంతా పేల్చు, చల్లారేదాకా ఆగు,
పేల్చు, ఆగు.
లింగస్వామి ఆవలించాడు.
"నిజమే గానీ అక్కా, మజా లేదు."

పలకలు తీసేశాను.
శూన్యంలో లేజరు కనపడదు, ఎర్రగీత గీశాను.
చప్పుడు వినపడదు, ఢాం పెట్టాను.
ఎవరూ ఏమీ అనలేదు.

ఇక నీళ్ళు.
నా ఆటలో విద్యలన్నీ ఒకే చెట్టుకు కాస్తాయి.
జలశుద్ధి రెండో కొమ్మ మీదుంది.
ఖరీదు నలభై నాణేలు, మూడు మలుపులు.
మూడు మలుపుల్లో గ్రహమంతా తియ్యటి నీళ్ళు.
అది రాసిననాడు
మర్రిగూడ దిక్కున మా మేనత్త మోకాళ్ళు గుర్తొచ్చాయి,
నవ్వినప్పుడు అరచేత్తో కప్పుకునే పసుపుచారల పళ్ళు.
ఆ కొమ్మ ఆమెదాకా వంగడానికి పట్టిన ఏళ్ళు లెక్కేసి
మూడు చెరిపి ఆ అంకె వేసి చూశాను.
మొదటి ఓడ లేవకముందే
నా గ్రహంలో అందరూ ముసలివాళ్ళయిపోయారు.
మళ్ళీ మూడు కొట్టాను.
సిగ్గనిపించింది. అయినా కొట్టాను.

బోరు దగ్గర మాత్రం లింగస్వామి ఊరుకోలేదు.
"ఏ గడిల వేసినా నీళ్ళు పడ్తయా?
గీ గ్రహం అడ్రసు చెప్పు, లారీ తోల్కపోత."
సరే, పదింట మూడు అని మార్చాను.
అడుగుకింత ఖర్చు, కేసింగ్ పైపులకు వేరే.
ఆ రాత్రి
మొదటిది ఆరు వందల అడుగులు. దుమ్ము.
రెండోది ఎనిమిది వందలు. దుమ్ము.
మూడోదానికి యుద్ధనౌకలు అమ్ముకున్నాడు.
స్పీకర్లో కంప్రెసర్ మోత,
అతని బండి దగ్గర అతని ఫోన్లోనే పట్టుకొచ్చిన మోత,
ఆగిపోయింది.
మౌస్ పక్కకు జరిపాడు.
"పొద్దుందాక గిదే చేసొస్తనక్కా.
ఇయ్యాల గుర్రంపోడు కాడ ఒకాయన
పైసలు లెక్కవెడ్తుంటె ఆయన చేతుల దిక్కు సూడలేక
పైప్‌ల దిక్కు సూసుకుంట నిలవడ్డ.
ఆటలన్న పడనియ్యరాదు?"

పడనిచ్చాను. ఇప్పుడు పదింట తొమ్మిది.

ఆ పదోదాని దగ్గర ఒక్కటి ఉంచుకున్నాను.
ఎండిన బోరు నోటికి మూత వెయ్యందే మలుపు ముగియదు.
ఒక నాణెం, ఒక రోజు.
దాంతో పాయింట్లు రావు, సైన్యం పెరగదు,
చెట్టు మీద ఏ కొమ్మకీ అది దారి కాదు.
ఆడినవాళ్ళు విసుక్కుంటున్నారు,
ఎందుకిది, తీసెయ్యండి అని.

ఆ మూత బొమ్మ లింగస్వామి వేశాడు,
నాలుక పంటికింద పెట్టుకుని.
ఒక బండ. దాని చుట్టూ తుమ్మకంప.
బండ చాలదా అన్నాను.
"పిల్లలు జరుపుతరు."

నా గ్రహం మీద తుమ్మలు లేవు,
అసలు చెట్లే లేవు.
కంపను అట్లాగే ఉంచాను.