గీత

నయీంనగర్ నాలా పక్కన, మొదటి అంతస్తు.
మెట్ల మీద చప్పుడు వింటే చెప్త
ఎవరు షుగర్ టెస్టుకొచ్చిండ్రో
ఎవరు కొలువు టెస్టుకొచ్చిండ్రో.
కొలువుకొచ్చినోళ్ల బూట్లు కొత్తయి,
ఇంకా కాలుతోని ఒప్పందం కుదరనియి.

జేబులు ఖాళీ చెయ్యమంట.
పర్సు, దువ్వెన, కొమురెల్లి బండారి పొట్లం,
మడత పెట్టిన ఆర్టీసీ టికెట్టు, అన్నీ ట్రేల.
లోపల నల్లా బందుపెట్టి ఉంటది.
కమోడ్ నీళ్లల్ల నీలిరంగు నేనే కలుపుత,
ఎవరూ నీళ్లు కలిపి మోసం చెయ్యకుండ.
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, కాకతీయ యూనివర్సిటీ, సెకండ్ ర్యాంకు:
తలుపు బయట నిలబడి
నాలుగు నిమిషాలు లెక్కపెడుత.

మంగళవారం నాడు ఫస్ట్ ర్యాంకు వచ్చిండు.
తాళ్లపల్లి ఓదెలు.
మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోలు కొలువు.
నన్ను చూసి నవ్వాల్నో వద్దో తెల్వక
ఫారం దిక్కు చూసిండు.
గత ముప్పై దినాలల్ల వాడిన మందులు?
ఏమీ లేవు, అని రాసిండు.
అదే గుండ్రటి రాత.
టైట్రేషన్ రికార్డులు ఆ రాత చూసే రాసుకున్న నేను.

డబ్బా వెచ్చగ ఉంది.
సీలు మీద ఆయన సంతకం, కింద నా సంతకం.
ల్యాబుల ఒక్క బెంచీ మాది.
మళ్ల ఒక్క కాయితం మీద కలుస్తమనుకోలే, గిట్ల.

ఈ పట్టీల లెక్క ఉల్టా.
గీత వస్తే ఏం లేనట్టు.
గీత రాకపోతే ఉన్నట్టు.
పదింటిల తొమ్మిది వచ్చినయి.
నిద్రమాత్ర గడి మాత్రం
ఉతికి ఆరేసిన తువ్వాల లెక్క తెల్లగ.

హైదరాబాదు పెద్ద ల్యాబు అదే అన్నది.
కంపెనీ రెండు లైన్ల మెయిల్ పెట్టింది,
రెండో లైను శుభాకాంక్షలు.

తొమ్మిది దినాలకు మళ్ల వచ్చిండు, చెప్పులేసుకొని.
"నిద్రమాత్ర మొఖం చూడలే నేను.
పెద్దనాయిన పదకొండో దినం
డిపో కల్లు రెండు సీసాలు. గంతే.
తాగకుంటే పోయినోని మర్యాద దక్కదన్నరు.
మా నాయిన ఎక్కినప్పుడు లొట్టిల చెట్టే ఉండేది.
ఇప్పుడు తాళ్లు కొట్టి ప్లాట్లు చేసిండ్రు,
కల్లు మాత్రం రోజూ లారీల దిగుతది."

కొద్దిసేపు ఊకున్నడు.
"గీత మా ఇంటి పని.
నా ఒక్కనికే రాలే."

సంచిల నుంచి సీసా తీసిండు. మూత తీస్తే బుస్సుమన్నది.
దీనికి చెయ్ టెస్టు, అన్నడు.

కంప్యూటర్ పేరడుగుతది, వయసడుగుతది,
ఆడనా మొగనా అడుగుతది.
రేట్ల బోర్డు మీద మనిషి రక్తమున్నది, మనిషి ఉచ్చ ఉన్నది,
మనిషి వెంట్రుకకు సుత రేటున్నది.
కల్లుకు లేదు.

మేనేజరు అన్నానికి పోయిన యాళ
నా పైసలతోని ఒక పట్టీ చింపిన.
మూత్రం కోసం చేసిన పట్టీ, కల్లుల ముంచితే ఎవలూ ఒప్పుకోరు,
ఇద్దరికీ తెలుసు.
అయినా ఇద్దరం వంగినం,
రంగు మారే ఒక్క చుక్క కోసం
అప్పట్ల వంగినట్టు.

ఐదు నిమిషాలు.
పైన ఒకటి వచ్చింది. కింద రాలే.

"ఈ పొడి యాడ తయారైతదో ఎరుకేనా," అన్నడు,
"నన్ను వద్దన్నరు సూడు, గసొంటి రియాక్టర్లల్లనే."

పట్టీని ఆర్టీసీ టికెట్టుల చుట్టి
జేబుల పెట్టుకొని దిగిపోయిండు.
సంతకం అడుగలే. అడిగితే ఏం చేద్దునో.

మెట్ల మీద కొత్త బూట్లు.
నీలిరంగు కోసం బల్ల కిందికి చెయ్యి పెడితే
చేతికి కల్లు సీసా తగిలింది,
ఇంకా పొంగుతనే ఉంది.